కౌంటర్ వెనక కుర్చీ

శ్రావణ శుక్రవారానికి చీర కొందామని విజయవాడలో ఒక పెద్ద షోరూంకి వెళ్లాం. ఇరవై చీరలు విప్పించి, ఏదీ నచ్చక లేచాం. మెట్ల దగ్గర వెనక్కి తిరిగితే ఫ్లోర్ మేనేజర్ మాకు చీరలు చూపించిన అమ్మాయిని నిలదీస్తున్నాడు: "పార్టీని అలా ఎలా వదిలేశావమ్మా?" ఆమె ఒక కాలు చెప్పులోంచి తీసి రెండో పాదం మీద ఆనించుకుని, తలొంచుకుని చీరలు మడత పెడుతోంది. ఆ అంతస్తులో ఉన్న కుర్చీలన్నీ కొనేవాళ్లకే. మా బేరం తెగనందుకు మాట పడింది ఆ అమ్మాయి.

కోళికోడ్‌లోని మిఠాయి వీధి దుకాణాల్లోనూ ఆడవాళ్లు ఇలాగే రోజంతా నిలబడేవారు. మరుగుదొడ్డి లేక, దాహమేసినా నీళ్లు తాగేవారు కాదు. విజి పెణ్‌కూట్టు అనే దర్జీ వాళ్లను కూడగట్టారు. ఏళ్ల పోరాటం తర్వాత 2018లో కేరళ తన షాపుల చట్టాన్ని సవరించి, పనివేళల్లో కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా ఇచ్చింది. దక్షిణ కొరియా 2018లోనే ఇంకో అడుగు వేసింది. కొనేవాళ్లు నోరు పారేసుకుంటే, ఉద్యోగి కాసేపు పని ఆపి పక్కకు వెళ్లే వీలు యజమానే కల్పించాలి. మన దగ్గర "కస్టమరు దేవుడు" అన్న బోర్డు ఉంటుంది, దేవుడు తిట్టినప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పరు.

మేనేజర్ని ఒక్కణ్నే అనడం న్యాయం కాదు. నెలవారీ టార్గెట్ అతనికీ పైనుంచే వస్తుంది. పట్టు సడలిస్తే అమ్మకం పడిపోతుందని అతని భయం.

ఆ భయం ఎంత నిజమో అమెరికాలో లెక్కగట్టి చూశారు. 2015 నవంబరు నుంచి 2016 ఆగస్టు దాకా శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల్లోని 28 గ్యాప్ కంపెనీ బట్టల దుకాణాల్లో పరిశోధన జరిగింది. కొన్ని దుకాణాల్లో షిఫ్టుల వేళలు వారం వారం మారకుండా చూశారు. మేనేజర్ని బతిమాలకుండా షిఫ్టులు తమలో తాము మార్చుకోనిచ్చారు. అక్కడ అమ్మకాలు సుమారు 7 శాతం పెరిగాయి. పనివాళ్ల నిద్రా మెరుగుపడింది. మా పై వాటాలో ఉంటూ దుకాణంలో పనిచేసే అమ్మాయికి మాత్రం, రేపటి వీక్లీ ఆఫ్ లేదన్న కబురు రాత్రి పదింటికి వాట్సాప్‌లో వస్తుంది.

మా వీధి చివరి బట్టల కొట్టాయన ఈమధ్య కౌంటర్ వెనక రెండు స్టూళ్లు వేయించాడు. నిన్న జాకెట్ ముక్క అడిగితే, అక్కడి అమ్మాయి లేచి మీటరు కొలిచి, చించి, పొట్లం కట్టి ఇచ్చి, మళ్లీ కూర్చుంది.