దేశ పరిచయంలో ముందు ఏం రాయాలి?

టార్నీట్ (మెల్‌బోర్న్): ఆస్ట్రేలియా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి కంగారూలు, క్రికెట్టు, సిడ్నీ. రాజధాని ఏదంటే ఇప్పటికీ సిడ్నీ అనేవాళ్లు బోలెడు మంది. విజ్ఞాన సర్వస్వంలో ఒక దేశం మీద ఎంత పెద్ద వ్యాసం ఉన్నా, టీ బ్రేకులో ఫోను తీసేవాడు చదివేది మొదటి పేరాయే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో అలాంటి పేరాను ఎవరైనా దిద్దొచ్చు. మరి ఆస్ట్రేలియా పరిచయంలో ముందు ఏముండాలి? ఇక్కడ పనిచేసుకుని బతుకుతున్న మాకు మూడు సంగతులు ముఖ్యమనిపిస్తున్నాయి.

మొదటిది, ఇది సమాఖ్య అన్న సంగతి. 1901 జనవరి 1న ఆరు బ్రిటిష్ కాలనీలు కలిసి ఒక దేశమయ్యాయి. 1927 దాకా పార్లమెంటు మా మెల్‌బోర్న్‌లోనే నడిచి, తర్వాత కాన్‌బెర్రాకు మారింది. ఇదేదో పరీక్షలో బిట్టు ప్రశ్న అనుకోవద్దు. విక్టోరియాలో ప్రైవేటు కంపెనీ జీతం ఎగ్గొడితే వెళ్లాల్సింది కేంద్ర సంస్థ అయిన ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ దగ్గరకు. పరంజా ఊగుతోందని చెప్పాల్సింది మాత్రం రాష్ట్ర సంస్థ అయిన వర్క్‌సేఫ్ విక్టోరియాకు. అదే సిడ్నీ సైటు అయితే సేఫ్‌వర్క్ ఎన్‌ఎస్‌డబ్ల్యు. ఏ అధికారం ఎవరిదో తెలియకపోతే పోయేది మన కూలి, మన ప్రాణం.

రెండోది, ముందునుంచీ ఉన్నవాళ్లు. 1788లో బ్రిటిష్ ఓడలు రావడంతో కథ మొదలుపెడితే సగం చరిత్ర ఎగిరిపోతుంది. అంతకు పదుల వేల ఏళ్ల ముందే ఆదివాసీలు ఇక్కడున్నారు. మా టార్నీట్ పేరు కూడా వాళ్ల భాషలో ‘తెలుపు’ అనే మాట నుంచి వచ్చిందంటారు. అయినా జనాభా లెక్కలో వాళ్లను కలపొద్దన్న రాజ్యాంగ నిబంధన 1967 రెఫరెండం దాకా తొలగలేదు. 2021 జనవరి 1న జాతీయ గీతంలో ‘యంగ్’ అన్న మాట తీసేసి ‘వన్’ అని పెట్టారు. మారింది ఒక్క మాటే, కానీ దేశం నిన్నమొన్న పుట్టిందన్న భావం పోయింది. 2023 అక్టోబరు 14న ఆదివాసీల సలహా మండలి కోసం పెట్టిన రెఫరెండం మాత్రం ఆరు రాష్ట్రాల్లోనూ ఓడిపోయింది.

మూడోది, వలస. 1901లో చేసిన చట్టం ప్రకారం అధికారులు తమకిష్టమైన యూరపు భాషలో డిక్టేషన్ పరీక్ష పెట్టి, అక్కర్లేదనుకున్నవాళ్లను తిప్పి పంపేవారు. ‘శ్వేత ఆస్ట్రేలియా’ విధానానికి 1973లో విట్లమ్ ప్రభుత్వం తెరదించింది. 2021 జనగణనలో భారత్‌లో పుట్టినవాళ్లు 6.7 లక్షలు దాటారు. ఆ లెక్కలో విదేశాల్లో పుట్టినవాళ్లలో ఇంగ్లండు తర్వాత మనమే. అలాగని మన సంఘాల పేర్లు, మన సినిమా షూటింగులు మొదటి పేరాలో ఇరికించకూడదు. వాటికి కింద చోటుంది. ప్రధాని పేరులాగా తరచూ మారేవీ కిందే ఉండాలి.

మా లెక్కన ఇలా ఉంటే చాలు: “ఆస్ట్రేలియా ఆరు రాష్ట్రాలు, రెండు ప్రధాన టెరిటరీలు ఉన్న సమాఖ్య. రాజధాని కాన్‌బెర్రా. పదుల వేల ఏళ్లుగా ఆదివాసీలు నివసిస్తున్న ఈ నేలపై 1788లో బ్రిటిష్ వలస మొదలైంది. 1901లో ఆరు కాలనీలు కలిసి దేశమయ్యాయి. 1973 దాకా తెల్లవారికే పెద్దపీట వేసిన ఈ దేశంలో 2021 నాటికి ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు విదేశాల్లో పుట్టినవారే.”

ఇందులో లోటు కనిపిస్తే ఆధారం చూపి దిద్దండి. రేపు విమానమెక్కబోయే మన తమ్ముళ్లు ముందుగా చదివేది ఈ ఐదు వాక్యాలే.