మోకాళ్ళు అరుగుతాయన్న భయం ఇక చాలు

"ఈ వయసులో పరుగేమిటి? మోకాళ్ళు అరిగిపోవూ?" అని నన్ను ప్రశ్నించేవారిలో చదువుకున్నవారే అధికం. నా తోటి వైద్యులూ అందులో ఉన్నారు. వారిని తప్పుపట్టే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ప్రభుత్వాసుపత్రి ఓపీలో కూర్చున్నన్నాళ్ళూ మోకాలినొప్పితో వచ్చిన ప్రతివారికీ విశ్రాంతి తీసుకొమ్మని, మెట్లెక్కవద్దని చెప్పి పంపినవాణ్ణి నేను.

అరవై తొమ్మిదో ఏట లండన్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. టీవీ ముందు కూర్చుని తిరుగు ప్రయాణానికి రోజులు లెక్కపెట్టుకుంటున్న నన్ను ఒక శనివారం ఉదయం అల్లుడు పార్క్‌రన్‌కు తీసుకువెళ్ళాడు. 2004లో అక్కడి బుషీ పార్కులో 13 మందితో మొదలై అనేక దేశాలకు వ్యాపించిన ఐదు కిలోమీటర్ల పరుగు అది. రుసుము లేదు. ఒక స్వచ్ఛంద సేవకుడు అందరికన్నా వెనుక నడిచి వస్తాడు కనుక, చివరివాణ్ణయ్యానన్న చిన్నతనం ఎవరికీ కలగదు. ఆనాడు నేను నడిచిందే ఎక్కువ. అయినా మరుసటి శనివారం కోసం చిన్నపిల్లవాడిలా ఎదురుచూశాను. అటుపిమ్మట ఏ ఊరు వెళ్ళినా అక్కడ జరిగే పరుగుల తేదీలు ముందుగా కనుక్కోవడం అలవాటైంది.

మరి మోకాళ్ళ సంగతి? 2017లో వెలువడిన ఒక సమీక్షలో తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల ఆరోగ్యం కోసం పరుగెత్తేవారిలో 3.5 శాతం, పరుగెత్తనివారిలో 10.2 శాతం, తీవ్రమైన పోటీ క్రీడాకారుల్లో 13.3 శాతం కనిపించింది. కీళ్ళు బాగున్నవారే పరుగెత్తుతారేమో అని మీరు వాదించవచ్చు. అది సబబైన సందేహమే. కాని మితమైన పరుగు కీళ్ళను పాడుచేస్తుందన్న వాదానికి ఇందులో ఆధారమెక్కడ? కీలు బండిచక్రం కాదు. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. బరువు పడి తొలగుతున్నప్పుడే అది కీలుద్రవం నుండి చక్కగా పోషణ గ్రహిస్తుంది.

విదేశాల్లోని పిల్లలకూ ఒక మాట. తల్లిదండ్రులను రప్పించుకొని, మనవలకు కాపలా ఉంచి, "బయటికి వెళ్ళకండి, పడతారు" అనడం ప్రేమ అనిపించుకోదు. కూర్చోబెడితే కండ క్షీణిస్తుంది. కండ క్షీణించినవారే పడతారు.

అయితే తొందర వద్దు. గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు, చాలాకాలంగా వ్యాయామం లేనివారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించండి. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో ఆరంభించండి. పక్కవారితో మాట్లాడగలిగినంత వేగమే మీ వేగం. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, అసాధారణమైన ఆయాసం కలిగితే తక్షణం ఆగి వైద్యసహాయం పొందండి. ఇన్సులిన్ వాడేవారు జేబులో చక్కెర ఉంచుకోండి. కొత్త ఊరి ఎండకు, ఎత్తుకు శరీరం అలవాటు పడేవరకు పోటీకి దిగకండి.

ఇంత జాగ్రత్త తీసుకున్నాక కూడా "ఈ వయసులో" అని ఎవరైనా అడ్డుపడితే, వచ్చే శనివారం వారినీ వెంట తీసుకువెళ్ళండి.