తూకం రాయి ఎవడి చేతిలో ఉంది?

హైదరాబాదులో కొలువు అడగబోయిన మన ఆడపిల్లను ముందు కంటితో తూస్తున్నారు. సర్టిఫికెట్లు చూసేది ఆ తర్వాతే. చీరల దుకాణం కానీ, బంగారం షోరూం కానీ, కార్పొరేటు ఆసుపత్రిలో పేర్లు రాసుకునే బల్ల కానీ, ఎక్కడికి పోయినా అవే మూడు మాటలు: స్మార్ట్‌గా ఉండాలి, పర్సనాలిటీ ఉండాలి, ప్రజెంటబుల్‌గా ఉండాలి. వీటికి అర్థం మేము చెబుతాం. లావు ఉండొద్దు. నలుపు ఉండొద్దు. ఊరి యాస ఉండొద్దు. ఊళ్ళో దొర కులం అడిగి మనల్ని గడప అవతల నిలబెట్టాడు. పట్నంలో షోరూం యజమాని కులం అడిగే అవసరం లేకుండానే ఆ పని కానిస్తున్నాడు.

మేము ఊరి బళ్ళో పాఠాలు చెప్పేవాళ్ళం. మా దగ్గర చదివిన పిల్లలు ఇంటరో డిగ్రీయో అయిపోయాక బస్సెక్కి అమీర్‌పేటకో కూకట్‌పల్లికో పోతున్నారు. ఒక్కో హాస్టల్ గదిలో ఐదారుగురు ఉంటారు. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా దుకాణంలో నిలబడాలి. చీర తన భుజాన వేసుకుని కొనేవాళ్ళకు చూపించాలి. అట్లా పోయిన ఒక పిల్లతో సూపర్‌వైజర్ అన్నాడట, "నువ్వు కొంచెం తగ్గాలమ్మా, చీర నీ మీద వేస్తే ఎత్తడం లేదు." ఆ పిల్ల మధ్యాహ్నం అన్నం మానేసింది. టీ, రెండు బిస్కట్లు. రాత్రి హాస్టల్లో నీళ్ళ సాంబారు, గుప్పెడు మెతుకులు. దసరాకు ఇంటికొస్తే తల్లి గుర్తుపట్టలేదు. "పట్నం పోయి పుల్లయినావు గదనే బిడ్డా" అని ఏడ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం చూస్తే ఏడు గ్రాములు. ఆ ఏడు గ్రాముల రక్తంతోనే ఆ పిల్ల రోజుకు పదకొండు గంటలు నిలబడుతున్నది.

మన వాడల్లో ఒళ్ళు చేయడం అనేది తిట్టు కాదు. "బిడ్డ కండ పట్టింది" అంటే ఆ ఇంట్లో నాలుగు రోజులుగా పొయ్యి వెలుగుతున్నదని అర్థం. తరతరాలుగా డొక్కలెండిన జాతి మనది. మన పిల్లలు నాలుగు మెతుకులు కడుపునిండా తినడం మొదలుపెట్టి ఎన్నేళ్ళయింది? ఒక తరం కూడా కాలేదు. ఇంతలోనే, "తినకు, తింటే ఉద్యోగం పోతుంది" అనే పెద్దమనుషులు తయారయ్యారు. వెనకట తిండి పెట్టక ఎండబెట్టారు. ఇప్పుడు మన తిండి మన చేతనే మాన్పిస్తున్నారు.

లెక్కలు చూద్దాం. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో కూడా పరిస్థితి ఇంతే, ఇంకొంచెం ఎక్కువే. అదే సర్వే దేశంలో ఆడవాళ్ళు నూటికి 24 మంది అధిక బరువు ఉన్నారనీ, 19 మంది దాకా ఉండాల్సిన బరువు లేరనీ చెప్పింది. పట్నం పత్రికలు, టీవీలు ఆ 24 మంది గురించి రోజూ మాట్లాడతాయి. యోగా అంటాయి, జిమ్ము అంటాయి, నడుము కొలతలంటాయి. ఆ 57 మంది గురించి మాట్లాడే నోరు ఏది?

ఇక్కడ కొందరు మిత్రులు అడుగుతారు: "లావు ఆరోగ్యానికి మంచిది కాదు గద సార్? షుగరు, బీపీ వస్తాయి గద?" వస్తాయి. మేము కాదనడం లేదు. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని అంచనా కట్టింది. మన వాడల్లోనూ షుగరు గోలీలు మింగేవాళ్ళు పెరిగారు. అయితే ఆ మాట చెప్పాల్సింది డాక్టరు. రక్తం చూసి, మూత్రం చూసి, ఏం తింటున్నావని అడిగి చెప్పాలి. దుకాణం మేనేజరు ఏ డాక్టరు? ఆయన చూసేది పిల్ల ఆరోగ్యం కాదు, గాజు బొమ్మకు కట్టిన చీరకూ పిల్లకు కట్టిన చీరకూ తేడా కనబడుతున్నదా అని.

బీఎంఐ అనే లెక్క ఒకటి అందరి నోళ్ళలో నానుతున్నది. కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె అది. దాన్ని 19వ శతాబ్దంలో బెల్జియం దేశపు క్వెట్లే అనే ఆయన కట్టాడు. ఆయన వైద్యుడు కాదు, ఖగోళ, గణాంక శాస్త్రవేత్త. జనసమూహాల సగటు తెలుసుకోవడానికి కట్టిన లెక్క అది. ఆ అంకెకు కండ ఏదో కొవ్వు ఏదో తెలియదు. బస్తాలు మోసి గట్టిపడ్డ భుజాన్నీ, కూర్చుని తిని పెరిగిన పొట్టనూ ఒక్క తీరుగానే తూస్తుంది. సన్నగా ఉన్న మనిషి ఒంట్లో రక్తం ఉందో లేదో అసలే చెప్పదు.

ఇదంతా ప్రైవేటు దుకాణాల గోలే అనుకునేవారు ఎయిర్ ఇండియా సంగతి గుర్తు చేసుకోవాలి. 2022లో టాటాల చేతికి పోకముందు అది సర్కారు సంస్థ. బరువు ఎక్కువున్నారని విమానంలో పనిచేసే ఆడవాళ్ళను నేల మీద కూర్చోబెట్టింది. వాళ్ళు కోర్టుకు పోతే 2008లో ఢిల్లీ హైకోర్టు సంస్థ వైపే తీర్పు చెప్పింది. మరుసటి ఏడు కొందరి ఉద్యోగాలే తీసేశారు. ఏళ్ళ తరబడి చేసిన పని, అనుభవం, అన్నీ నాలుగు కిలోల ముందు తేలిపోయాయి.

సినిమా పరిశ్రమ సంగతి చెప్పనే అక్కర్లేదు. లావుపాటి మనిషి తెర మీదికొస్తే నవ్వాలని మనకు అలవాటు చేశారు. 2015 జూన్‌లో తెలుగు నటి ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్ళకే అమెరికాలో కన్నుమూసింది. కొవ్వు తీయించుకునే ఆపరేషన్ జరిగిన కొన్ని వారాలకే ఆ చావు. అదే ఏడాది నవంబరులో, సన్నబడాలనే పిచ్చిని ఎండగడుతూ 'సైజ్ జీరో' అనే సినిమా వచ్చింది. డబ్బు, పేరు ఉన్న నటినే బతికినన్నాళ్ళూ ఒళ్ళు చూసి వేధించిన లోకం, పేరు కూడా తెలియని సేల్స్ గర్ల్‌ను వదులుతుందా?

దీని వెనక పెద్ద వ్యాపారం ఉంది. 2025 మార్చిలో మౌంజారో అనే ఇంజెక్షన్ మన దేశంలోకి వచ్చింది. షుగరుకూ బరువు తగ్గడానికీ వాడతారు. వచ్చినప్పుడు చిన్న మోతాదు సీసా ధర 3,500 రూపాయలు. వారానికొకటి, అంటే నెలకు 14,000. మా పిల్లల్లో చాలామందికి నెల జీతం అంత లేదు. ఉన్నోడు సూదితో ఆకలి చంపుకుంటాడు. లేనోళ్ళు టీ నీళ్ళతో చంపుకుంటారు.

ఇంకో వింత చూడండి. జొన్న రొట్టె, కొర్ర బువ్వ, సజ్జ సంకటి మనం తిన్నన్నాళ్ళూ అవి కూలోళ్ళ తిండి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టింది. ఆకలి తీర్చింది, ఆ మేలు మరవలేం. కానీ రేషన్ షాపులో జొన్నకు చోటు లేకపోయింది, మెట్ట చేలల్లో కూడా అది తగ్గిపోయింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, అందులో ఎక్కువమంది దళితులే, ఆ విత్తనాలను కుండల్లో దాచి కాపాడారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించింది. ఇప్పుడు అవే కొర్రలు అందమైన పొట్లాల్లో, 'స్లిమ్' అనే ముద్రతో పట్నంలో అమ్ముతున్నారు. మన పెద్దకూర సంగతీ అంతే. మాంసకృత్తులు కావాలని డబ్బాల్లో పొడులు కొనుక్కుని తాగే పట్నం, 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో మన పిల్లలు పెద్దకూర పండుగ చేసుకుంటే ఓర్వలేక దాడులకు దిగింది. మన తిండి చెడ్డదన్నారు. తర్వాత అదే తిండి తీసుకుని మన ఒళ్ళు చెడ్డదంటున్నారు.

సర్కారు చూపు కూడా సరిగా లేదు. తెలంగాణ ప్రభుత్వం 2015 జనవరిలో ఆరోగ్యలక్ష్మి పథకం మొదలుపెట్టింది. గర్భిణికీ బాలింతకూ అంగన్వాడీలో ఒక పూట అన్నం, గుడ్డు, పాలు. మంచి పనే. మరి పెళ్ళికాని, పట్నంలో పదకొండు గంటలు నిలబడే పంతొమ్మిదేళ్ళ పిల్ల ఏ జాబితాలో ఉంది? ఆడదాని ఆకలి సర్కారుకు కనబడాలంటే ఆమె కడుపుతో ఉండాల్సిందేనా?

మన యువకులకూ ఒక మాట. జై భీమ్ అని నినాదాలిచ్చి, పెళ్ళిచూపులకు పోయి "పిల్ల సన్నగా, ఎర్రగా ఉండాలి" అంటే అది ఏ ఉద్యమం? తల్లి ఒళ్ళు, అక్క ఒళ్ళు ఏ కూలి చేసి అట్లా తయారైందో తెలిసినవాడు ఆ మాట అనడు.

చేయాల్సిన పని ఉంది. కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి కొట్లాడి, 2018లో చట్టం మార్పించారు. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది. కుర్చీ కోసం కొట్లాడి గెలిచినవాళ్ళు మన అక్కాచెల్లెళ్ళే, మనలాంటి కూలి ఆడవాళ్ళే. మన పట్నంలో ఏ చీరల దుకాణానికైనా పోయి, అమ్మే పిల్లకు కుర్చీ ఎక్కడ వేశారో వెతికి చూడండి.

అందుకే మేము అడుగుతున్నాం. కొలువుల ప్రకటనల్లో, ఇంటర్వ్యూల్లో ఒంటి తీరు, రంగు అడగడం నేరం కావాలి. దుకాణాల్లో కూర్చోవడానికి కుర్చీ, తినడానికి గంట విరామం, మరుగుదొడ్డి ఉండాలి. పనిచేసే ఆడపిల్లలందరికీ ఉచితంగా రక్తపరీక్ష, ఐరన్ మాత్రలు అందాలి. సంక్షేమ హాస్టళ్ళలో గుడ్డు, మాంసం, జొన్న రొట్టె కోత లేకుండా పెట్టాలి.

సంఘాల కార్యకర్తలు ఈ పండక్కి ఊరికొచ్చిన పిల్లలను కూర్చోబెట్టి అడగండి: పట్నంలో మధ్యాహ్నం ఏం తింటున్నావు బిడ్డా, ఎవడు తినొద్దన్నాడు? వాళ్ళు చెప్పింది రాసుకోండి. ఏ దుకాణమో, ఎన్ని గంటలో, ఏం మాట అన్నారో రాసుకోండి. ఆ కాగితాలు పట్టుకుని కార్మికశాఖ ఆఫీసు మెట్లెక్కుదాం. ముందుగా ఆ పిల్లకు కడుపునిండా అన్నం పెట్టండి.