తల ఊపిన పాఠం

బోధించడానికి వెళ్ళినవాడు ముందుగా విద్యార్థి కావలసి వస్తుందని పెద్దలు చెప్పగా విన్నాము. ఆ మాటలోని నిజం మాకు యాభై ఏళ్ళ వయస్సులో, పొరుగు దేశంలో తెలిసివచ్చింది.

సంస్థ అనుమతితో ఒక విద్యా సంవత్సరం సెలవు తీసుకొని, 2018 ఆగస్టు చివరి వారంలో చైనా వెళ్ళాము. (మేమన్నది ఈ శీర్షిక మర్యాద కోసమే, వెళ్ళినది ఒక్కరమే.) హెబెయ్ ప్రావిన్సు రాజధాని షిజియాజువాంగ్ నగరంలో ఒక కళాశాల విద్యార్థులకు విద్యుత్ యంత్రాల పాఠం ఆంగ్లంలో చెప్పడం మా పని. బీజింగ్ నుంచి 281 కిలోమీటర్ల దూరాన్ని హైస్పీడు రైలు గంటన్నర లోపుగానే దాటించింది. మా వేగం అంతటితో సరి.

చేరిన 24 గంటలలోగా పోలీసు ఠాణాలో నివాసం నమోదు చేయించుకోవాలి. 30 రోజులలోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి ముందు రక్తపరీక్ష, ఎక్స్‌రే, ఈసీజీలతో వైద్య పరీక్ష. ఆ తరువాత బ్యాంకు ఖాతా. చైనీయులకు కూడ మనవలెనే ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక. అంతవరకు సంతోషించాము. కాని వారి పేర్లు సాధారణంగా రెండు మూడు అక్షరాలతో ముగుస్తాయి. మా పేరు ఫారములోని గడులను దాటి అంచు మీదికి పాకింది. ఖాతా లేనిదే ఫోనులో వీచాట్ చెల్లింపు సాధ్యపడలేదు. కూరగాయల బండివాడు సైతం ఫోనుతోనే డబ్బు తీసుకొనే ఊరిలో మేము నోట్లు పట్టుకొని నిలబడ్డాము. వాటికి చిల్లర వెదకడం అతనికి శ్రమ, మాకు సిగ్గు.

భాష సంగతి చెప్పనే అక్కరలేదు. కొనుటకూ అమ్ముటకూ మాట ఒక్కటే, ‘మాయ్’. స్వరం కిందికి దిగి మళ్ళీ లేస్తే కొనుట, పైనుంచి ఒక్కసారిగా దిగితే అమ్ముట. వంకాయలు కొనబోయి అమ్ముతామని ఎన్నిసార్లు చెప్పామో ఆ బండివానికే తెలియాలి. అతడు నవ్వి, బొటనవ్రేలు చిటికెనవ్రేలు చాపి చూపేవాడు. అది ఆరు. అక్కడ పదివరకు అంకెలను ఒక్క చేతితోనే చూపుతారని నాలుగు రోజులకు గ్రహించాము.

ఇన్ని చిక్కుల మధ్య మాకు ఒక దురభ్యాసం అలవడింది. ఎవరేమి చెప్పినా తల ఊపడం. ఠాణాలో ఊపాము, బ్యాంకులో ఊపాము, భోజనశాలలో వడ్డించే ఆమె ఎదుటా ఊపాము. ఆ పర్యవసానంగా, కాయగూరల కూర అనుకొన్న దానిలో పంది మాంసపు తురుము కనిపించింది. అర్థం కాలేదని చెప్పడానికి అభిమానం అడ్డువచ్చేది. పైగా మనం పక్కలకు ఊపే ఊపు వారికి అవునో కాదో తేలేది కాదు.

సెప్టెంబరు నెలాఖరున విదేశీ అధ్యాపకుల వ్యవహారాలు చూసే అధికారిణి ఒక ప్రకటన చేతికిచ్చి, చైనీయ భాషలో రెండు ముక్కలు, ఆంగ్లంలో రెండు ముక్కలు చెప్పారు. యథాప్రకారం తల ఊపాము. అక్టోబరు 1 జాతీయ దినోత్సవానికి వారం రోజులు సెలవని మాత్రం మాకు తెలుసు. ఆ సెలవులకు బదులుగా ముందు వచ్చే శని, ఆదివారాలు, అంటే సెప్టెంబరు 29, 30 తేదీలు పనిదినాలని ఆ ప్రకటన సారాంశం.

29వ తేదీ ఉదయం తీరికగా బట్టలు ఉతుక్కొంటూ ఉండగా తలుపు చప్పుడయింది. మా తరగతి నాయకుడు రొప్పుతూ నిలబడి ఉన్నాడు. “లావోషీ, మీకు ఆరోగ్యం బాగున్నదా?” అన్నాడు. ‘లావోషీ’ అంటే గురువుగారు. నలభై ఇద్దరు విద్యార్థులు అరగంటగా ఎదురు చూస్తున్నారట. తడి చేతులతోనే పరుగెత్తాము. ఒక్కరూ లేచి పోలేదు. పుస్తకాలు తెరిచి నిశ్శబ్దంగా చదువుకొంటున్నారు. మమ్మల్ని చూసి ఎవరూ నవ్వనూ లేదు. నవ్వి ఉంటే కొంత తేలికగా ఉండేది.

ఆ నెలలో మేము స్టార్-డెల్టా కలయికల గురించి పాఠం చెప్పి ఉన్నాము. ప్రతి అంశం చివర “అర్థమైనదా?” అని అడిగేవారము. నలభై రెండు తలలూ ఊగేవి. సెలవుల తరువాత చిన్న పరీక్ష పెట్టగా ఇరవై ఎనిమిది మంది పటం సరిగా గీయలేకపోయారు. మునుపటి మేమే అయితే విద్యార్థులకు శ్రద్ధ లేదని తీర్మానించేవారము. ఇప్పుడు అలా అనడానికి నోరు రాలేదు. ఆ ఊపు మాకు బాగా పరిచయమైన ఊపు.

తరగతి నాయకుని విడిగా అడిగాము. కొంతసేపు సందేహించి, “అందరి ముందు అర్థం కాలేదంటే మీరు సరిగా చెప్పలేదన్నట్లు అవుతుంది కదా, లావోషీ” అన్నాడు. అభిమానం మాకే కాదు, వారికీ ఉన్నది. మా గౌరవాన్ని కూడ వారే మోస్తున్నారు.

ఆనాటి నుంచి “అర్థమైనదా?” అన్న ప్రశ్న మానివేశాము. గంట చివర పది నిమిషాలు పక్కపక్క వారు ఒకరికొకరు తమ భాషలో పాఠం చెప్పుకోవాలి. ఒకరు వచ్చి బోర్డు మీద గీయాలి. సందేహాలు పేరు వ్రాయని చీటీల మీద ఇవ్వాలి. మొదటి రోజు పందొమ్మిది చీటీలు వచ్చాయి. వాటిలో సగం స్టార్-డెల్టా గురించే.

మరుసటి ఏప్రిల్ 5న, పితరులను తలచుకొనే చింగ్‌మింగ్ పండుగనాడు, విద్యార్థులు మమ్మల్ని ఆ నగరంలోనే ఉన్న అమరవీరుల శ్మశానవాటికకు తీసుకువెళ్ళారు. అక్కడ డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ సమాధి ఉన్నది. తెలుగు నేతకుటుంబాలు ఎన్నో స్థిరపడిన షోలాపూరులో పుట్టి, 1938లో వైద్యబృందంతో చైనా వెళ్ళి, ఆ భాష నేర్చి, యుద్ధరంగంలో వైద్యం చేసి, 1942 డిసెంబరులో 32 ఏళ్ళకే అక్కడ కన్నుమూసిన మహనీయుడు ఆయన. పిల్లలు పూలు ఉంచారు. ఆయన భాష నేర్వడానికి శ్రమించారు. మేము తల ఊపి తప్పించుకోజూశాము. అక్కడ నిలబడినంతసేపూ ఆ తేడాయే మనస్సులో మెదిలింది.

ఈ సంగతి ఇప్పుడు చెప్పడానికి కారణం ఉన్నది. గత షట్‌డౌన్‌లో, పని ఆరంభానికి ముందు జరిగే భద్రతా సమావేశానికి వెళ్ళాము. ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు వరుసగా నిలబడ్డారు. బ్రేకరుకు తాళం వేసి ఎర్రచీటీ కట్టడం గురించి తెలుగులోనూ హిందీలోనూ చక్కగా వివరించారు. “సమఝే?” అనగానే అన్ని తలలూ ఊగాయి. ఒక కుర్రవాని పిలిచి, “బాబూ, ఎర్రచీటీ ఉంటే ఏమి చేయాలి?” అని అడిగించాము. అతడు తల వంచుకొన్నాడు. ఒడియా తెలిసిన మేస్త్రీ ద్వారా అడిగితే, పని పూర్తయినదానికి గుర్తుగా ఆ చీటీ కడతారని అనుకొన్నట్లు తేలింది. అదే నమ్మకంతో అతడు ఆ బ్రేకరును ముట్టి ఉంటే ఏమయ్యేదో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

కనుక పర్యవేక్షక మిత్రులకు మా మనవి ఒక్కటే. కొత్తవాడు తల ఊపినంత మాత్రాన సంతకం తీసుకోకండి. విన్నదానిని అతని మాటల్లో, అతని భాషలోనే మళ్ళీ చెప్పించండి. దానికి పట్టేది రెండు నిమిషాలు. చైనాలో మేము తల ఊపినందుకు నలభై ఇద్దరికి అరగంట నష్టమైనది. ఇక్కడ మూల్యం అంత స్వల్పంగా ఉండదు.