సహాయము చేయు తండ్రులు

వినుటకు మృదువుగా నుండి, లోపల పెద్ద యన్యాయమును దాచుకొనిన మాట యొకటి మన యిండ్లలో వాడుకలో నున్నది. "మా వారు పిల్లవాని పనిలో నాకు చాల సహాయము చేయుదురు" అని యిల్లాలు పొరుగింటివారితో చెప్పును. విన్నవారు ఆమె యదృష్టమును మెచ్చుకొందురు. ఆ పురుషుడు బిడ్డను భుజమున వేసికొని వీథిలో నడచినచో నలుగురును నిలిచి చూతురు. ఒకరి పనిని మరియొకరు చేసినప్పుడు గదా సహాయ మనుట! తన బిడ్డకు తాను నీళ్లు పోసినవాడు ఎవరికి సహాయము చేసినట్లు? తన యప్పు తాను తీర్చినవానిని దాత యని పొగడుదుమా? ఈ మాట మన యిండ్లలో నున్నంతకాలము తండ్రి శిశుపోషణమును నేర్చుకొనడు. తండ్రి నేర్చుకొనని యింట బిడ్డకు క్షేమము లేదు. మా వాద మింతే.

దీనికి సీమవారిని సాక్ష్యమునకు పిలువ నక్కరలేదు. ఆపస్తంబాది గృహ్యసూత్రములను విప్పి చూడుడు. బిడ్డ పుట్టగనే జాతకర్మము జరుపవలసినవాడు తండ్రి. ఆరవ మాసమున అన్నప్రాశనమునాడు మొదటి ముద్దను మంత్రపూర్వకముగా నోటి కందించువాడు తండ్రి. మన గోదావరిసీమలో ఈ ముద్ద పెట్టని తండ్రి అరుదు. పట్టుపంచె కట్టి, వెండిగిన్నెలో పరమాన్నము పట్టుకొని, బంధువులు ఫోటోలు తీయుచుండగా పెట్టుచున్నాడు. రెండవ ముద్ద యెవరు పెట్టిరి? మరునాటి ముద్ద యెవరు పెట్టిరి? బిడ్డ మెతుకులు ఉమ్మివేసి, గిన్నెను తన్నివేసి, గంటసేపు ఏడ్చి నాలుగు ముద్దలు తినిన దినములలో ఆ పట్టుపంచె యే పెట్టెలో నుండెను?

కాళిదాసు రఘువంశము మొదటి సర్గములో, ప్రజలకు శిక్షణము, రక్షణము, పోషణము సమకూర్చినందున దిలీపుడే వారికి తండ్రి యనియు, కన్నతండ్రులు పుట్టుకకు కారణమాత్రు లనియు చెప్పినాడు. రాజస్తుతి యని పండితులు దానిని దాటిపోవుదురు. అందు కన్నతండ్రులకు మిగిలిన స్థానమేదో చూడరు. శాకుంతలము సప్తమాంకమున దుష్యంతుడు ఆశ్రమబాలుని చూచి, బిడ్డల యొంటి దుమ్మును తమ యొంటికి అంటించుకొను తండ్రులు ధన్యులని నిట్టూర్చును. తరగతిలో ఆ శ్లోకము చెప్పునప్పుడు మాకు కన్నులు చెమర్చును. వెంటనే కోపమును వచ్చును. మహారాజు ఆ మాట అనునప్పటికి బిడ్డ సింహపుపిల్ల పండ్లు లెక్కపెట్టునంతవా డైనాడు. జ్వరములు, విరేచనములు, రాత్రి జాగరణములు అన్నియు పరుల పాలై ముగిసినవి. అతని మరపునకు శాపము కారణ మందురు. మన యూళ్లలోని తండ్రులను ఏ దుర్వాసుడు శపించెనో తెలియదు.

భాగవత దశమస్కంధములోని కథ ఇంకను దగ్గరిది. బిడ్డ తల్లి యొడిలో పాలు త్రాగుచున్నాడు. పొయ్యిమీద పాలు పొంగినవి. యశోద బిడ్డను దింపి పరుగెత్తినది. కడుపు నిండని బిడ్డ కోపించి పెరుగుకుండ పగులగొట్టి, వెన్న తీసికొని పారిపోయినాడు. ఆమె వెంటబడి, అలసి, పట్టుకొని, రోటికి కట్టి మరల పనిలో పడినది. బిడ్డ రోలీడ్చుకొనిపోయి రెండు మద్దిచెట్ల నడుమ దూరినాడు, చెట్లు కూలినవి. భక్తులు దీనిని లీలగా చదువుదురు గాక. గృహస్థులు చదివినచో ఇది రెండు చేతులతో మూడు పనులు చేయు తల్లి కథ. పాలు దింపుటకు మరియొక చేయి ఆ యింట నుండినచో కుండ పగులదు, త్రాడు రాదు, రోలు కదలదు. నందుడో, చెట్లు కూలిన చప్పుడునకు పరుగున వచ్చినవారిలో నొకడు. వచ్చి, నవ్వుచు త్రాడు విప్పినాడు. బిడ్డకు కట్టినది తల్లి, విప్పినది తండ్రి! మన తండ్రులలో పెక్కురు ఈ నందులే. సాయంకాలము కచేరీనుండి వచ్చి, బిడ్డ చేతిలో బిస్కత్తు పెట్టి, "ఎందుకే పిల్లవాని నేడ్పించెదవు?" అని భార్యను మందలించు దయామయులు.

చట్టములును ఈ నందులనే పెంచినవి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము బిడ్డకు సహజసంరక్షకుడు తండ్రి యనియు, అతని తరువాత తల్లి యనియు వ్రాసినది. అదే చట్టము అదే చోట, అయిదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లియొద్ద నుండవలె నన్నది. అధికార మొకరికి, చాకిరి మరియొకరికి! తండ్రి తరువాత ననగా తండ్రి చనిపోయిన తరువాత నని మాత్రమే చెప్పుకొనరాదని సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ వ్యాజ్యములో తీర్పు చెప్పవలసివచ్చినది. 2017లో ప్రసూతి సెలవును 26 వారములకు పెంచినప్పుడు తండ్రికి ఒక్క దినమైనను చేర్చలేదు. కేంద్రప్రభుత్వోద్యోగియైన తండ్రికి 15 దినము లున్నవి. అదియు కాన్పు సమయమున, లేదా తరువాత ఆరు మాసములలోగా. ఇంతకంటె వింత యొకటి కలదు. శిశుసంరక్షణకై స్త్రీలకు ఉద్యోగకాలములో ఇచ్చు 730 దినముల సెలవును కేంద్రము 2018లో పురుషులకును చాచినది. కాని అవివాహితుడో, భార్య పోయినవాడో, విడాకులు పొందినవాడో కావలెను. భార్య జీవించి కాపురము చేయుచున్నంతవరకు ఆ నియమము కంటికి తండ్రి కానరాడు!

దయతో జ్వరము తగ్గదు. దానికి తెలివిడి కావలెను. జ్వరపుమందు ఒకే పేరున రెండు సీసాలలో దొరకును. చుక్కలమందులో సాధారణముగా మిల్లీలీటరునకు 100 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉండును. సిరప్పులో 5 మిల్లీలీటర్లకు 125, కొన్నిటిలో 250. మొదటి సిరప్పు కొలతతో చుక్కలమందు పోసినచో బిడ్డ కడుపులోనికి నాలుగింతలు పోవును. మోతాదునకు ఆధారము బిడ్డ బరువు. తన స్కూటరు మైలేజి అణాపైసలతో చెప్పగల తండ్రులలో ఎందరు బిడ్డ బరువు చెప్పగలరు? విరేచనములకు లీటరు నీటిలో కలుపవలసిన ఓఆర్ఎస్ పొట్లమును గ్లాసులో కలిపినచో మేలునకు మారు కీడు. కాలినచోట ఇరువది నిమిషములు చన్నీళ్లు ధారగా పోయవలసియుండగా పండ్లపొడియో, సిరాయో పూయువా రిప్పటికిని ఉన్నారు. ఆడుకొను బొమ్మలోని బిళ్లబ్యాటరీ మ్రింగిన బిడ్డకు రెండుగంటలలోనే అన్ననాళము కాలిపోవచ్చును. ఇక నీరు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ సీమకు అన్నము పెట్టినవి కాలువలే. ఇంటివెనుక పంటబోదె, ఇంటిముందు చెరువు గల యూళ్లలో తప్పటడుగుల బిడ్డపై ఒక్క జత కన్నులే కాపలా యనుట ఎంత సాహసము! స్నానపుగదిలోని బకెట్టు చాలును, బిడ్డ ప్రాణము పోవుటకు.

ఆ యొక్క జత కన్నులు జ్వరముతో మూతపడిన నా డేమగును? మూడేండ్ల క్రిందట వానకాలమున మా యిల్లాలు డెంగీతో రాజమహేంద్రవరములో తొమ్మిది దినములు ఆసుపత్రిలో నుండినది. మాకు నడుము నొప్పి. అయిదు కిలోలకు మించి ఎత్తరాదని వైద్యుని యాజ్ఞ. రెండేండ్ల బిడ్డ పదకొండు కిలోలు. మంచమెక్కి వాని నెత్తుకొనలేము గనుక, వానిచేత స్టూలెక్కించి మా మెడ పట్టించుకొని నడుము వంపక నిలుచుట అభ్యసించితిమి. మూడవనాడు పాలు పొంగినవి, కుళాయి విరిగినది, వాడు చింతపిక్కను ముక్కులో దూర్చుకొన్నాడు. ఇవి మూడును ఒక్క యుదయమున. అయిదవనాడు వానికే జ్వరము. మందు కొలత మాకు తెలిసియుండుట మా గొప్ప కాదు. పెద్దబిడ్డనాడే మా యిల్లాలు పట్టుబట్టి నేర్పినది. కాని వైద్యశాలలో, "తల్లి యేది?" అని ముగ్గురు వరుసగా అడిగిరి. బరువు చెప్పితిమి, జ్వరము వచ్చిన గంట చెప్పితిమి, టీకాల వివరము చెప్పితిమి. నర్సు వ్రాసికొనక, "అమ్మగారికి ఫోను చేసి అడుగండి మాస్టారూ" అన్నది. ప్లేట్‌లెట్లు పడిపోయి పండుకొనియున్న ఆమెను లేపి, మేము చెప్పినదే ఆమెచేత చెప్పించిన తరువాత కాగితము నిండినది. ఆ నర్సును మేము తప్పుపట్టము. ఆమె యెదుట ప్రతిదినమును నిలుచు తండ్రులు ఆమె కా యలవాటు చేసిరి.

"ఇది పురుషస్వభావము కాదు" అని పెద్దలు సెలవిచ్చెదరు. కోనసీమలోను, పశ్చిమగోదావరి పల్లెలలోను వెళ్లి చూచి ఆ మాట చెప్పుడు. అక్కడి స్త్రీలు కువైటు, మస్కటు మొదలగుచోట్లకు ఇంటిపనికి పోవుట దశాబ్దములుగా జరుగుచున్నది. పదవ తరగతి దాటని స్త్రీ ఆ దేశములకు ఇట్లు పోవుటకు 30 ఏండ్లు నిండవలెనని ప్రభుత్వ నియమము. ఆ వయసు స్త్రీకి ఇంట చిన్నబిడ్డ లుందురని వేరుగా చెప్పవలెనా? ఆమె అక్కడ పరులబిడ్డకు పాలు కలుపుచుండగా, ఇక్కడ కూలిపనికి పోవు భర్త తన బిడ్డకు జడ వేయుచున్నాడు, గంజి వార్చుచున్నాడు, అంగన్‌వాడికి దింపుచున్నాడు. అందరు నట్లని చెప్పము. త్రాగి పడినవారును, బిడ్డలను ముసలితల్లిపై వదలినవారును కలరు. కాని చేసినవారు చేసిరి గదా. వారికి రాని స్వభావదోషము, డిగ్రీలు చదివిన మనకు మాత్ర మెట్లు వచ్చినది? వారిని చూచి "పెళ్లాము సంపాదన తినువాడు" అని రచ్చబండమీద నవ్వువా రెవరో, తమ బిడ్డ ముక్కు తాము తుడువనివారే.

స్వభావము కాదు, చదువు. ఆ చదువు తల్లికెట్లు వచ్చినదో చూడుడు. మన యాచారము ననుసరించి తొలిచూలాలు ఏడవనెలలో పుట్టింటికి పోవును. నీళ్లు పోయుట, ఏడుపు పోల్చుట, పాలు త్రేన్పించుట ఆమెకు తల్లియు, మామ్మయు కూర్చుండి నేర్పుదురు. అయిదవ నెలలో బిడ్డతో తిరిగివచ్చునప్పటికి ఆమె నేర్పరి. అల్లుడుగారు ఆదివారములలో పండ్లు పట్టుకొని వచ్చి, కుర్చీలో కూర్చుండి, బిడ్డను దుప్పటిలో చుట్టి చేతికిచ్చిన నిమిషము పట్టుకొని, తడిసినంతనే తిరిగి యిచ్చివేసిన అతిథి. ఒకరికి పాఠశాల తెరచి, మరియొకరికి తలుపు మూసి, పిమ్మట పరీక్షలో తప్పినవానికి స్వభావమే అట్టిదనుట మావంటి ఉపాధ్యాయులకు నవ్వు పుట్టించును. 2019లో జాతీయ గణాంక కార్యాలయము జరిపిన కాలవినియోగ సర్వేలో, ఒక దినమున ఇంటిలోనివారి సంరక్షణలో ఏ కొంచెమైనను పాల్గొనిన పురుషులు నూటికి 14. స్త్రీలు సుమారు 28. ఇంటిపని చేసిన స్త్రీలు దినమునకు 299 నిమిషములు చేసిరి, చేసిన పురుషులు 97 నిమిషములు. సంపాదనభారము పురుషునిదని చెప్పువారు, ఉద్యోగము చేయు కోడలు సాయంకాలము వచ్చి మరల పొయ్యి వెలిగించుటకు కారణమేమో చెప్పవలెను.

కనుక మేము కోరున వివి. కాన్పునకు కూతురు పుట్టింటికి వచ్చినచో, అల్లుడును సెలవు దొరకినంతకాలము అక్కడనే యుండి, కుర్చీ విడిచి పీటమీద కూర్చుండవలెను. అత్తగారు సిగ్గుపడక అతనికిని నేర్పవలెను. అంగన్‌వాడిలో తల్లుల సమావేశము జరుగునాడు తండ్రులను పిలువవలెను, రానివాని పేరు వ్రాసిపెట్టవలెను. శిశుసంరక్షణ సెలవు భార్య బ్రతికియున్న తండ్రికిని ఇయ్యవలెను. ప్రైవేటు పాఠశాలలలోను, దుకాణములలోను పనిచేయు తండ్రికిని చట్టము ఆ హక్కు చూపవలెను. పెండ్లిచూపులకు వచ్చిన వరుని జీతమెంత యని యడుగుచునే యుందురు. అతడు తన అక్కబిడ్డనైనను ఒక్క రాత్రి చూచుకొని యుండెనా యని పిల్లతండ్రి అడుగవలెను. వరుని తల్లి నొచ్చుకొనును. నొచ్చుకొననిండు, ఆమె కుమారునికి నేర్పనిదానినే గదా మన మడుగుచున్నాము.