బొమ్మ వేసే చేతికి వైద్యంలో చోటివ్వాలి

మూత్రపిండాన్ని ఎక్కడ కోస్తే రక్తం తక్కువ పోతుందో తెలిపే గీతకు వైద్యశాస్త్రంలో ‘బ్రోడెల్ గీత’ అని పేరు. ఆ బ్రోడెల్ సర్జన్ కాదు, చిత్రకారుడు.

మాక్స్ బ్రోడెల్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో చిత్రకళ నేర్చుకుని, 1894లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యసంస్థలో చేరాడు. వైద్య పట్టా లేదు. అయినా మూత్రపిండం లోపల రక్తనాళాలు ఎలా అల్లుకున్నాయో తనే పరిశీలించాడు. ముందు నుంచి వచ్చే నాళాలకూ, వెనక నుంచి వచ్చేవాటికీ మధ్య నాళాలు పలచబడే మేర ఒకటుందని చూపించాడు. బాగా అర్థమయ్యాకే బొమ్మ వేయాలన్నది ఆయన పద్ధతి. కార్బన్ పెన్సిల్‌ను గీరి, ఆ పొడిని కుంచెతో అట్ట మీద అద్దేవాడు. తడి కండ మీది మెరుపు కోసం కత్తిమొనతో గీకి తెలుపు తేల్చేవాడు. ఫొటోలో నెత్తురూ, దూదీ, సర్జన్ వేళ్లూ అన్నీ పడతాయి. బొమ్మలో చూడాల్సిందే కనిపిస్తుంది.

1911లో జాన్స్ హాప్‌కిన్స్‌లోనే ఆయన వైద్య చిత్రకళకు ప్రత్యేక విభాగం నెలకొల్పాడు. అది నేటికీ నడుస్తోంది.

ఇలాంటివారికి దక్కాల్సిన గౌరవం మాత్రం అన్నివేళలా దక్కలేదు. 1858లో వచ్చిన శరీరశాస్త్ర పుస్తకం ‘గ్రేస్ అనాటమీ’కి బొమ్మలు వేసిన డాక్టర్ హెన్రీ వాన్‌డైక్ కార్టర్‌కు రాయల్టీ లేదు. ఆ ఏడాదే ఆయన బొంబాయి వచ్చి, గ్రాంట్ మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పాడు.

2020లో లోకమంతా గుర్తుపట్టిన ఎర్రకొమ్ముల కరోనా బొమ్మ కూడా అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలోని ఇద్దరు వైద్య చిత్రకారులు చేసిందే. ఏఐ ఉండగా వీళ్లెందుకనేవాళ్లకు ఒక్క ఉదాహరణ: 2024లో ఏఐ వేసిన అర్థంపర్థం లేని ఎలుక బొమ్మను ఒక వ్యాసంలో అచ్చువేసి, ఒక సైన్స్ పత్రిక ఆ వ్యాసాన్నే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

మన ఇళ్లలో బైపీసీ పిల్ల రికార్డులో కప్ప బొమ్మ అందంగా వేస్తే మెచ్చుకుంటాం. నోటుబుక్కు నిండా బొమ్మలేస్తే మాత్రం నీట్ పోతుందని కసురుతాం. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, ఉస్మానియా మెడికల్ కాలేజీ ఉంది. రెండూ కలిసి వైద్య చిత్రకళలో డిప్లొమా కోర్సు నడపాలి. పెద్దాసుపత్రులు అలా చదివినవారికి ఉద్యోగాలివ్వాలి. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టే రోగికి, తన ఒంట్లో ఏది కోస్తారో తెలుగు మాటలున్న బొమ్మలో చూపించే పనితోనే మొదలుపెట్టవచ్చు.