ఆటిజం పట్నం జబ్బు కాదు

ఆటిజం ‘నగర జీవనశైలి తెచ్చిన సమస్య’ అన్న గత సంచిక వ్యాసంలోని మాట తప్పు. అది మెదడు ఎదుగుదలలోని తేడా. ఊరూ పట్నమూ చూడదు. 2018లో వెలువడిన ఒక అధ్యయనం హైదరాబాద్‌తో పాటు కొండప్రాంతమైన కాంగ్రా, గిరిజనులున్న ఢెంకనాల్ పిల్లలనూ పరీక్షించింది. దాదాపు నూటికొకరిలో ఆటిజం కనిపించింది.

మన్యంలో ఆటిజం లేనట్టు అనిపించడానికి కారణం పరీక్ష అందకపోవడమే. సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ ఆటిజాన్ని అంచనా వేయడానికి రూపొందించిన ‘ఇసా’ కొలమానంలో 40 అంశాలున్నాయి. తల్లిని అడుగుతూ, బిడ్డను గమనిస్తూ మార్కులు వేయాలి. ఆ తల్లికి గిరిజన భాష కువి తప్ప మరో భాష రాకపోతే తెలుగు ప్రశ్నలకు ఏమని చెబుతుంది? బిడ్డ మీద మూగ అనో, మొండి అనో ముద్ర పడుతుంది. ఎంత అన్యాయం! 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. కానీ ఆ హక్కులకు కావాల్సిన వైకల్య ధ్రువపత్రం కోసం పెద్దాసుపత్రికి తిరిగిన ప్రతి రోజూ కూలి పోతుంది.

— ఒక అంగన్‌వాడీ కార్యకర్త, పాడేరు